చిన్న ట్రక్కు బ్రేకుల్లో గాలి తీయడం ఎలా? తీశాక కూడా లైటు ఆరకపోతే ఏం చూడాలి?

“మొదటిసారి తొక్కితే పెడలు నేలదాకా పోతోంది, రెండోసారికి పట్టుకుంటోంది. గాలి తీస్తే సరిపోతుందా అన్నా?” మామిడి సీజను మొదలైందంటే ఈ ఫోను తప్పదు. దాని వెనకాలే ఇంకోటి వస్తుంది: “గాలి తీయించాను, డబ్బాలో ఆయిల్ నిండుగా ఉంది, అయినా ఎర్ర లైటు ఆరడం లేదు.” ఫోనులో చెప్పింది బండి కిందికి దూరేసరికి సగం మరిచిపోతారు. అందుకే వరసగా రాసి పెడుతున్నాను.

ఇది టాటా ఏస్, బొలెరో పికప్, అశోక్ లేలాండ్ దోస్త్ లాంటి ఆయిల్ బ్రేకుల బండ్లకు. వీటిలో ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు ఉంటాయి. పది టైర్ల, పన్నెండు టైర్ల లారీల్లో బ్రేకు పట్టేదే గాలితో. అక్కడ తీయాల్సింది గాలి కాదు, నీళ్ళు. వాటి గురించి చివర్లో కొంచెం చెబుతాను.

పానా పట్టే ముందు: అది గాలేనా?

గాలి లేని బండికి గాలి తీయడం మన దగ్గర మామూలైపోయింది. అర లీటరు ఆయిల్ పోతుంది, పూట పోతుంది, పెడలు మాత్రం అలాగే ఉంటుంది. కాబట్టి ఇంజిన్ ఆపి, బండి చదునైన నేల మీద పెట్టి, పెడలు తొక్కి చూడండి.

పెడలు స్పాంజి మీద కాలు పెట్టినట్టు మెత్తగా దిగి, కొట్టేకొద్దీ పైకి వచ్చి గట్టిపడుతుంటే పైపుల్లో గాలి ఉన్నట్టే. ఆయిల్ నొక్కుకుపోదు, గాలి నొక్కుకుపోతుంది. సిద్ధాంతం ఇంతకు మించి అక్కర్లేదు.

మొదటిసారి బాగా కిందికి పోయి, వెంటనే ఇంకోసారి తొక్కితే పైనే రాయిలా ఆగుతుంటే గాలి కంటే ముందు వెనక డ్రమ్ములను అనుమానించండి. లైనర్లు అరిగో, అడ్జస్టర్ తుప్పుపట్టో షూకీ (డ్రమ్మును లోపలి నుంచి ఒత్తి బ్రేకు పట్టేది, దాని మీది పొరే లైనరు) డ్రమ్ముకీ మధ్య ఖాళీ పెరిగి ఉంటుంది. మొదట్లో రాసిన ఫోనులాంటి వాటిలో ఎక్కువ భాగం ఇదే. షూ దగ్గరికి అడ్జస్ట్ చేస్తే చాలు, ఒక్క నిపుల్ (చక్రం దగ్గర గాలి వదిలే చిన్న బోల్టు) కూడా విప్పక్కర్లేదు.

తొక్కి పట్టుకుంటే నెమ్మదిగా కిందికి జారిపోతుంటే మాస్టర్ సిలిండర్ (పెడలు తొక్కితే ఆయిల్‌ను పైపుల్లోకి నెట్టేది) లోపలి రబ్బర్లు పోయాయి, లేదా ఎక్కడో కారుతోంది. గాలి తీసినా ప్రయోజనం లేదు.

పెడలు రాయిలా గట్టిగా ఉండి బండి ఆగకపోతే సంగతి బూస్టరుది (వాక్యూమ్‌తో మన తొక్కుడుకు బలం కలిపేది), దానికొచ్చే వాక్యూమ్ పైపుది, లేదా వాక్యూమ్ పంపుది. కొన్ని డీజిల్ ఇంజిన్లలో ఆ పంపు ఆల్టర్నేటర్ వెనకే ఉంటుంది. బెల్టు తెగితే బ్యాటరీ చార్జింగూ పోతుంది, బ్రేకు బరువూ పెరుగుతుంది. రెండూ ఒకేసారి వస్తే ముందు బెల్టు చూడండి.

ఘాట్ దిగాక మెత్తబడి, అరగంట ఆగితే మళ్ళీ బాగైందా? ఇది ఇంకో కథ. పాత ఆయిల్‌లో చేరిన తేమ వేడికి ఆవిరై బుడగలు కట్టింది. టమాటా లోడుతో మదనపల్లె నుంచి తిరుపతి వైపు భాకరాపేట ఘాట్ దిగేవాళ్ళు, మారేడుమిల్లి మీదుగా చింతూరు పోయేవాళ్ళు ఈ మాట గుర్తుంచుకోవాలి. చల్లారితే బాగైంది కదా అని వదిలేయకూడదు. దానికి ఆయిల్ మొత్తం మార్చాలి.

నిజంగా గాలే అయితే ఇంకో ప్రశ్న వేసుకోండి: ఎలా వచ్చింది? హోసు మార్చారా, వీల్ సిలిండర్ (డ్రమ్ములో షూలను నెట్టేది) మార్చారా, డబ్బా ఖాళీ అయ్యిందా? వీటిలో ఏదైనా జరిగి ఉంటే కారణం తెలిసినట్టే. ఏ పనీ చేయకుండానే గాలి వచ్చిందంటే ఎక్కడో కారుతోంది. నాలుగు చక్రాల లోపలి వైపు, పైపు జాయింట్లు, మాస్టర్ సిలిండర్ బూస్టరుకు కలిసే చోటు వేలితో తడిమి చూడండి. వెనక డ్రమ్ము కింద బ్యాక్ ప్లేటు తడిగా ఉంటే వీల్ సిలిండర్ కారుతున్నట్టే. అది మార్చకుండా గాలి తీస్తే వారంలో మళ్ళీ మొదటికే వస్తారు.

కావలసినవి

సీలు తీయని కొత్త బ్రేక్ ఆయిల్: గాలి మాత్రమే తీయాలంటే అర లీటరు, మొత్తం మార్చాలంటే లీటరు. నిపుల్‌కు సరిపోయే రింగ్ పానా: బండిని బట్టి 8, 10 లేదా 11 ఎం.ఎం. పడుతుంది. అడుగున్నర పొడవు పారదర్శక గొట్టం, నిపుల్ మీద బిగుతుగా కూర్చోవాలి. మూతకు రంధ్రం చేసిన ప్లాస్టిక్ సీసా. పెద్ద సిరంజి. పాత గుడ్డలు, బకెట్టు నీళ్ళు. చక్రాలకు అడ్డం పెట్టడానికి చెక్క దిమ్మలు. జాకీ, స్టాండ్లు. ఇంకొక మనిషి.

ఆయిల్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. బండిలోని బ్రేక్ ఆయిల్ డబ్బా మూత మీద డాట్ 3 అనో, డాట్ 4 అనో రకం రాసి ఉంటుంది. అదే పొయ్యండి. కొత్తగా ఉన్నప్పుడు డాట్ 3 కనీసం 205 డిగ్రీల దాకా, డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగకుండా ఉండాలి. తేమ పీల్చాక ఆ హద్దులు 140కి, 155కి పడిపోతాయి. డాట్ 3 చెప్పిన బండిలో డాట్ 4 పోస్తే ఇబ్బంది లేదు, తగ్గించి పోయడమే తప్పు. డాట్ 5 మాత్రం పూర్తిగా వేరు, అది సిలికాన్ ఆయిల్. పేరు దగ్గరగా ఉందని కలపకండి. డాట్ 5.1 మళ్ళీ డాట్ 4 జాతిదే.

కిందటి ఏడాది మూత తీసి షెల్ఫులో పెట్టిన సగం డబ్బా వాడకండి. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కాకినాడ, విశాఖ వైపు ఉప్పుగాలిలో ఉండేవాళ్ళకు ఇది మరీ చెప్పాలి. ఇంజిన్ ఆయిల్, స్టీరింగ్ ఆయిల్, డీజిల్ చుక్కైనా ఇందులో పడకూడదు. పడితే రబ్బర్లన్నీ ఉబ్బి బ్రేకులు పట్టేసుకుంటాయి. అప్పుడు మాస్టర్ సిలిండర్ నుంచి చక్రాల దాకా రబ్బరు ఉన్న ప్రతిదీ మార్చాల్సిందే. డీజిల్ క్యాను నుంచి తీసిన గరాటాతో బ్రేక్ ఆయిల్ పోసి ఇలా వేల రూపాయలు వదిలించుకున్న బండి ఒకటి నా కళ్ళముందే ఉంది.

పని మొదలు

1. బండి చదునైన నేల మీద పెట్టి, గేరులో వేసి, చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టండి. జాకీ మీద మాత్రమే నిలబెట్టిన బండి కిందికి దూరవద్దు. వీలైతే అసలు ఎత్తకుండానే పని చేయండి. పికప్‌ల కింద చెయ్యి పట్టేంత చోటు ఉంటుంది.

ఎత్తవద్దనడానికి ఇంకో కారణం ఉంది. చాలా పికప్‌లలో వెనక ఇరుసుకు ఒక కడ్డీతో కలిపిన లోడ్ సెన్సింగ్ వాల్వు ఉంటుంది. ఇరుసు గాల్లో వేలాడితే అది బండి ఖాళీగా ఉందనుకుని వెనక్కి పోయే ఆయిల్‌ను బిగబట్టేస్తుంది. ఎంత కొట్టినా వెనక చక్రంలో ఆయిల్ రాదు, వచ్చినా చుక్కలే. ఎత్తక తప్పదంటే స్టాండ్లు ఛాసిస్ కింద కాకుండా ఇరుసు కింద పెట్టండి.

2. వెనక షూలు ముందే అడ్జస్ట్ చేయండి. ఈ పనికి మాత్రం చక్రం ఎత్తి, గేరు తీయక తప్పదు. చక్రం తిప్పితే షూ లీలగా రాసుకునే దాకా బిగించి, కొంచెం వెనక్కి వదలాలి. ఇది చేయకుండా గాలి తీస్తే పెడలు ఎప్పటికీ పైకి రాదు, మీరు గాలి ఇంకా ఉందనుకుంటూనే ఉంటారు.

3. నిపుళ్ళు నాలుగూ బ్రష్‌తో శుభ్రం చేయండి. తుప్పుపట్టి ఉంటే ముందురోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వదిలేయండి. రింగ్ పానాతోనే విప్పాలి. ఫిక్స్ పానా (నోరు తెరిచి ఉండేది) వేస్తే మూలలు అరిగి గుండ్రమవుతాయి. బలవంతం చేస్తే నిపుల్ విరిగి లోపలే ఉండిపోతుంది. అది వీల్ సిలిండరైతే ఇక కొత్తది వేయడమే సులువు.

4. డబ్బా చుట్టూ దుమ్ము తుడిచాకే మూత తీయండి. పాత ఆయిల్ నల్లగా ఉంటే సిరంజితో చాలావరకు లాగేసి, కొత్తది గరిష్ఠ గీత దాకా పోయండి. అడుగు రంధ్రాలు బయటపడేదాకా లాగకండి. డీజిల్ లాగినట్టు నోటితో పైపు పెట్టి అసలే లాగకండి, ఇది విషం. పెయింటు మీద చుక్క పడితే తుడవడం కాదు, వెంటనే నీళ్ళు పోయాలి.

5. పెడలు కింద అంగుళం మందం చెక్క ముక్క పెట్టండి. పాత బండిలో మాస్టర్ సిలిండర్ రబ్బర్లు రోజూ తిరిగే చోటు ఒకటే. గాలి తీసేటప్పుడు పెడలు నేలకు కొడితే ఆ రబ్బర్లు ఎప్పుడూ వెళ్ళని, తుప్పుపట్టిన లోతుకు పోయి చిరుగుతాయి. “గాలి తీయక ముందే బాగుండేది” అనేవాళ్ళలో కొందరి కథ ఇదే.

6. మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టండి. మన కుడివైపు స్టీరింగు బండ్లలో సాధారణంగా వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. లోడ్ సెన్సింగ్ వాల్వుకు సొంత నిపుల్ ఉంటే దాని వంతు ఎప్పుడో మాన్యువల్‌లో చూసుకోండి, కంపెనీని బట్టి మారుతుంది. వరస వేరుగా చెప్పి ఉంటే నా మాట కాదు, మాన్యువల్ మాటే.

7. పానా ముందు నిపుల్ మీద పెట్టి, తర్వాత గొట్టం తొడగండి. గొట్టం మొదట పైకి లేచి, ఆ తర్వాత సీసాలోకి దిగాలి. బుడగ పైకే పోతుంది కాబట్టి మళ్ళీ లోపలికి జారదు. సీసాలో రెండు వేళ్ళ మందం కొత్త ఆయిల్ పోసి గొట్టం కొస అందులో మునిగేలా పెట్టండి.

8. లోపల కూర్చున్న మనిషితో మాటలు ముందే అనుకోండి. మూడే మాటలు: “కొట్టు”, “పట్టు”, “వదులు”. “కొట్టు” అంటే నెమ్మదిగా నాలుగైదు సార్లు. “పట్టు” అంటే తొక్కి ఆపడం. అతను కూడా “పట్టాను” అని గట్టిగా చెప్పాలి, ఆ మాట వినకుండా మీరు నిపుల్ తిప్పకూడదు. అతను పట్టాక మీరు పావు నుంచి అర చుట్టు విప్పుతారు. పెడలు దిగుతుంది, ఆయిల్‌తో పాటు బుడగలు వస్తాయి. పెడలు చెక్కకు తాకేలోపు నిపుల్ మూసేయండి. మూశాకే “వదులు” అనండి.

మొత్తం పనిలో కీలకం ఇదే. నిపుల్ తెరిచి ఉండగా పెడలు వదిలితే బయటి గాలి లోపలికి పోతుంది. క్లీనరు కొత్తవాడైతే ఫోను పక్కన పెట్టించి, రేడియో ఆపించి మొదలుపెట్టండి.

పెడలు గబగబా కొట్టించకండి. అలా కొడితే పెద్ద బుడగ చితికి వంద చిన్న బుడగలవుతుంది, ఆయిల్ నురగలా తయారవుతుంది. అలా జరిగితే ఒక గంట కదలకుండా వదిలేసి మళ్ళీ మొదలుపెట్టండి.

9. ప్రతి ఐదారు పట్లకు డబ్బా చూడండి. కనిష్ఠ గీత కిందికి పోనివ్వకండి. ఒక్కసారి ఖాళీ అయితే గాలి మాస్టర్ సిలిండర్‌లోకి దూరుతుంది, అప్పటిదాకా చేసిందంతా మళ్ళీ చేయాలి. సీసాలోని పాత ఆయిల్ తేటగా కనబడినా తిరిగి డబ్బాలో పోయకండి.

10. బుడగలు ఆగి, ఆయిల్ కొత్తదాని రంగులో వచ్చాక ఇంకో రెండు పట్లు వేసి నిపుల్ బిగించండి. అది బోలుగా ఉండే చిన్న బోల్టు, మణికట్టు బలం చాలు. చక్రం నట్టు బిగించినట్టు బిగిస్తే విరుగుతుంది. రబ్బరు టోపీ ఉంటే పెట్టండి, లేకపోతే బురద పట్టి వచ్చే ఏడాది అదే నిపుల్‌తో కుస్తీ పడతారు. తర్వాతి చక్రానికి పొండి.

11. నాలుగూ అయ్యాక డబ్బాను గరిష్ఠ గీత దాకా నింపి మూత పెట్టండి. గీత దాటి పోయకండి. పెడలు కింది చెక్క ముక్క తీశారా? ఇది నవ్వడానికి రాయలేదు.

రెండో మనిషి లేకపోతే

అన్నిటికంటే తేలిక పద్ధతి నిపుల్ విప్పి, గొట్టం సీసాలో పెట్టి, డబ్బా మూత వదులు చేసి ఆయిల్‌ను దాని బరువుతోనే దిగనివ్వడం. చక్రానికి పది పదిహేను నిమిషాలు పడుతుంది, డబ్బా దగ్గరే నిలబడి పోస్తూ ఉండాలి. మొండి గాలి దీనితో రాకపోవచ్చు గానీ పాత ఆయిల్ మార్చడానికి బాగా పనికొస్తుంది.

లోపల వాల్వు ఉండి ఒకవైపే వదిలే గొట్టం కూడా దొరుకుతుంది, దాంతో మీరే వెళ్ళి పెడలు కొట్టుకోవచ్చు. వాక్యూమ్ గన్ వాడేవాళ్ళు ఒకటి తెలుసుకోండి: నిపుల్ మరల చుట్టూ గాలి లాగి గొట్టంలో బుడగలు ఆగకుండా కనిపిస్తాయి. అవి లోపలివి కావు. దాన్ని నమ్మి రెండు లీటర్లు ఖాళీ చేసినవాళ్ళున్నారు. చివర్లో పెడలుతో రెండు పట్లు వేసి చూస్తే నిజం తెలుస్తుంది.

ఎంత తీసినా మెత్తగానే ఉంటే

మొదట ముందు చక్రాల క్యాలిపర్లు (ప్యాడ్లను డిస్కుకు నొక్కేవి) చూడండి. నిపుల్ పైవైపు ఉండాలి. ఈమధ్య క్యాలిపర్లు విప్పి బిగించి ఉంటే ఎడమది కుడికి, కుడిది ఎడమకు పడి ఉండవచ్చు. అప్పుడు నిపుల్ కిందికి వస్తుంది, పైనున్న గాలి జన్మలో బయటికి రాదు. చూడటానికి అర నిమిషం పట్టే ఈ తప్పుకు ఒక రోజంతా పోగొట్టుకున్న షెడ్డు నాకు తెలుసు.

మాస్టర్ సిలిండర్ కొత్తది వేసి ఉంటే బిగించే ముందే దాన్ని బల్ల మీద పెట్టి ఆయిల్ నింపి గాలి తీసి ఉండాలి. అది మానేస్తే చక్రాల దగ్గర ఎంత కొట్టినా లాభం తక్కువ.

పాత రబ్బరు హోసులు తొక్కినప్పుడు ఉబ్బుతుంటే కూడా పెడలు మెత్తగానే ఉంటుంది. ఒకరు తొక్కుతుంటే ఇంకొకరు చేత్తో పట్టుకుని చూస్తే తెలిసిపోతుంది.

ఏబీఎస్ (చక్రం బిగుసుకోకుండా కాపాడే ఏర్పాటు) ఉన్న బండిలో ఆయిల్ పూర్తిగా ఖాళీ అయ్యి ఉంటే గాలి ఆ యూనిట్ లోపల ఇరుక్కుంటుంది. దాన్ని స్కానరు (బండి కంప్యూటరుకు కలిపే పరికరం) పెట్టి లోపలి వాల్వులు తెరిపించి తీయాలి. అక్కడ మొండిపట్టు వద్దు, స్కానరు ఉన్నచోటికి తీసుకుపొండి. నడుపుకుంటూ కాదు, లాగించుకుని.

సరిగ్గా వచ్చిందో లేదో

ఇంజిన్ ఆపి ఉండగా పెడలు ఐదారు సార్లు కొట్టండి, బూస్టరులో మిగిలిన వాక్యూమ్ అయిపోతుంది. ఇప్పుడు గట్టిగా తొక్కి నిమిషం పట్టుకోండి. కదలకూడదు. తొక్కి ఉంచే ఇంజిన్ స్టార్ట్ చేయండి. పెడలు కాస్త కిందికి దిగి ఆగాలి, అదే బూస్టరు పని చేస్తోందనడానికి గుర్తు. ఇంజిన్ నడుస్తుంటే పెడలు ముందుకంటే కాస్త మెత్తగా అనిపించడం సహజం. చాలామంది ఇక్కడే గాలి మిగిలిందనుకుని పొరబడతారు. గట్టిదనం ఎప్పుడూ ఇంజిన్ ఆపే చూడాలి.

తర్వాత ఒకరు బలంగా తొక్కి ఉంచితే ఇంకొకరు నాలుగు నిపుళ్ళ కింద పొడి కాగితం పెట్టి చూడండి. చుక్క పడకూడదు.

ఇక ఖాళీ మైదానంలో, ఖాళీ బండితో, గంటకు 10 కిలోమీటర్లతో మొదలు. ఆగుతోందా, ఒక పక్కకు లాగుతోందా చూసి 30కి పొండి. ఐదారు కిలోమీటర్లు తిరిగొచ్చి చక్రాల దగ్గర చెయ్యి పెట్టండి, తాకకుండా దగ్గరగా. ఒక చక్రం మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు వదలడం లేదు. మర్నాడు ఉదయం డబ్బా గీత, బండి కింద నేల చూశాకే లోడు ఎక్కించండి.

ఎర్ర లైటు

వలయంలో ఆశ్చర్యార్థకం, దానికి రెండు పక్కలా బ్రాకెట్లలా రెండు చాపాలు: అదీ బ్రేకు లైటు. ముందుగా కీ ఆన్ చేసి చూడండి. ఆ లైటు వెలగాలి, హ్యాండ్ బ్రేకు వదిలి స్టార్ట్ చేశాక ఆరాలి. అసలే వెలగకపోతే సంతోషించకండి. బల్బు పోయింది, లేదా మీకు బండి అమ్మినాయన దాన్ని పీకేశాడు. సెకండ్ హ్యాండ్ పికప్ కొనేవాళ్ళు మొట్టమొదట ఇది చూడాలి.

నడుపుతుండగా వెలిగితే పక్కకు ఆపండి. ఆపేటప్పుడే పెడలు తేడాగా ఉందా గమనించండి. తేడాగా ఉంటే ఇక కదిలించవద్దు. మామూలుగానే ఉంటే ఈ వరసలో చూడండి.

హ్యాండ్ బ్రేకు పూర్తిగా దిగిందా? ఒక్క పన్ను మీద ఆగినా లైటు వెలుగుతుంది. లివరును చేత్తో ఇంకొంచెం కిందికి నొక్కితే లైటు ఆరితే దాని అడుగున ఉన్న స్విచ్చు సర్దాలి, ఆయిల్‌తో పని లేదు.

తర్వాత డబ్బా. ఆయిల్ కనిష్ఠ గీత దగ్గరుంటే పోసేసి లైటు ఆరిందని వెళ్ళిపోవడమే అందరూ చేసే తప్పు. ఆయిల్ ఆవిరైపోయే వస్తువు కాదు. ముందు ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్లు బయటికి జరిగి ఆయిల్ గీత నెమ్మదిగా తగ్గుతుంది. అంటే లైటు మీకు ప్యాడ్లు మార్చమని చెబుతోంది. పైగా ఇప్పుడు పోస్తే, రేపు కొత్త ప్యాడ్లు వేసి పిస్టన్లు వెనక్కి నెట్టినప్పుడు డబ్బా పొంగి పెయింటు పోతుంది. ప్యాడ్లు మందంగానే ఉండి గీత తగ్గితే ఎక్కడో కారుతోంది. హైడ్రాలిక్ క్లచ్ ఉన్న కొన్ని బండ్లు అదే డబ్బా నుంచి ఆయిల్ తీసుకుంటాయి. చక్రాలన్నీ పొడిగా ఉంటే క్లచ్ పెడలు పైన, గేర్‌బాక్సు దగ్గర కూడా చూడండి.

మలుపుల్లో, ఎత్తుపల్లాల్లో మాత్రమే మిణుకుమిణుకుమంటే ఆయిల్ సరిగ్గా గీత అంచున ఉండి కదులుతున్నట్టు.

ఆయిల్ నిండుగా ఉన్నా ఆరకపోతే డబ్బాకు వచ్చే వైరు సాకెట్టు పీకండి. చాలా బండ్లలో ఆయిల్ తగ్గితే ఆ స్విచ్చు కలుస్తుంది కాబట్టి పీకగానే లైటు ఆరాలి. ఆరితే లోపలి తేలుడు బిళ్ళ ఆయిల్ జిగురుకు ఇరుక్కుంది. డబ్బాను మెల్లగా తట్టితే ఒక్కోసారి లేస్తుంది, లేకపోతే మార్చాలి. పీకినా ఆరకపోతే వైరు ఎక్కడో ఒరుసుకుని బాడీకి తగులుతోంది. లైటు ఆరింది కదా అని సాకెట్టు పీకి వదిలేసి బండి నడపకండి.

పసుపు లైటు

పసుపు రంగులో ఏబీఎస్ అని ఒక్కటే వెలిగితే మామూలు బ్రేకు ఉంటుంది, జారే రోడ్డు మీద చక్రం బిగుసుకోకుండా కాపాడే ఏర్పాటు మాత్రం పోయింది. జాగ్రత్తగా నడుపుకుని షెడ్డుకు చేరవచ్చు. పసుపుతో పాటు ఎర్రది కూడా వెలిగితే వెనక చక్రాలకు బలం పంచే ఏర్పాటూ పోయి ఉండవచ్చు. గట్టిగా తొక్కితే వెనక చక్రాలు ముందే బిగుసుకుని బండి అడ్డం తిరుగుతుంది. ఖాళీ పికప్‌కు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. వేగం వద్దు, గట్టిగా తొక్కవద్దు.

స్కానరుకు డబ్బులు పెట్టే ముందు మీరు చూడగలిగినవి ఉన్నాయి. ఫ్యూజు. బ్యాటరీ టెర్మినళ్ళు, వోల్టేజీ తగ్గినా ఈ లైటు వెలుగుతుంది. చక్రం దగ్గరి సెన్సరు వైరు తెగిందా, సెన్సరు మొన మీద బురద, ఇనుప రజను పేరుకుందా. చక్రం బేరింగు ఆడుతోందా. ఈమధ్య ఏ చక్రం పని చేయించారో అక్కడి నుంచే మొదలుపెట్టండి, వైరును క్లిప్పులో పెట్టడం మరిచిపోవడం చాలా మామూలు. బాగుచేశాక కొన్ని బండ్లలో లైటు వెంటనే ఆరదు, కాస్త వేగం అందుకున్నాకే ఆరుతుంది.

లైటు ఏదీ వెలగకుండా బ్రేకు పాడయ్యే దారి కూడా ఒకటుంది. ఎక్కువ లోడు కోసం వెనక కమాన్ కట్టకు (బరువు మోసే స్ప్రింగు పట్టీల కట్ట) అదనపు పట్టీ వేయించుకుంటారు కదా, దాంతో బండి వెనక భాగం ఎత్తు పెరుగుతుంది. ఇందాక చెప్పిన లోడ్ సెన్సింగ్ వాల్వు ఎంత బరువేసినా బండి ఖాళీగానే ఉందనుకుని వెనక బ్రేకు తగ్గిస్తుంది. భారమంతా ముందు ప్యాడ్ల మీద పడి అవి గబగబా అరుగుతాయి. పట్టీ వేయించినవాళ్ళు ఆ వాల్వు కడ్డీని తెలిసినవాళ్ళతో సరిచేయించండి.

పెద్ద లారీ ఉన్నవాళ్ళకు

గాలి బ్రేకుల లారీలో ఎర్ర లైటుతో పాటు బజరు మోగితే ట్యాంకుల్లో ప్రెషర్ తగ్గిందని అర్థం. గేజీలో రెండు సర్క్యూట్ల ముళ్ళూ చూడండి. ఉదయం స్టార్ట్ చేయగానే మోగి, గాలి నిండాక ఆగితే మామూలే. ఇంజిన్ ఆపి బ్రేకు తొక్కి పట్టుకుంటే ముల్లు మొదట ఒక్కసారి దిగి ఆగాలి. దిగుతూనే ఉంటే సుయ్యిమనే చోటు వెతికి సబ్బు నురగ రాయండి, బుడగ కట్టిన చోటే లీకు. ట్యాంకుల అడుగున ఉన్న వాల్వులు లాగి రోజూ నీళ్ళు వదలండి. నీళ్ళతో పాటు నూనె జిడ్డు ఎక్కువగా వస్తుంటే కంప్రెసరు రింగులు అరిగి ఉండవచ్చు.

చేతి బ్రేకు పని చేసే వెనక బ్రేకు డబ్బాల్లో చాలా బలమైన స్ప్రింగు బిగించి ఉంటుంది. దాని చుట్టూ ఉన్న క్లాంపు మాత్రం మీరు విప్పకండి. లాక్ చేసే బోల్టు వేయకుండా విప్పితే ఆ స్ప్రింగు తుపాకీ గుండులా లేచి ఎదురుగా ఉన్న మనిషిని చంపేస్తుంది.